వీధి గోడలో కొళాయి

మా ఇంటి వీధి గోడలో ఉన్న కొళాయిని మూసేస్తున్నారన్న కబురు నాకు మొదట చెప్పింది, గోడకు రాళ్లు అతికించడానికి వచ్చిన కరీంనగర్ మేస్త్రీ. మధ్యాహ్నం నీళ్లు పట్టుకోవడానికి వచ్చి, గేటు లోపల నేను బట్టలు ఆరేస్తుండగా అవతలి నుంచే పిలిచాడు.

"అక్కా, రేపటి సంది గీ నల్ల ఉండదట, ఎరికేనా?"

"ఎవరు చెప్పినారు నాయనా?"

"ఒకలు చెప్పుడేంది, మాతోనే మూపిస్తున్రు. పైపు కోసి, బిరడ కొట్టి, మీదికెల్లి రాయి పెట్టుమన్నడు ఇంజనీరు సారు. ఇన్నొద్దులు తాగిన నీళ్లకు మేమే బిరడ కొట్టాలె. ఎట్లున్నది సూడు మా పని!"

అని నవ్వి, డబ్బా భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు.

మా ఇల్లు అన్నానే గానీ అది మాది కాదు. అల్ ఖోబర్‌లో మేము కిరాయికి ఉన్న మేడ. కింద ఇంటి యజమానురాలు, పైన మేము. ఆమె భర్త పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. ఆమె పెద్ద కొడుకు దుకాణంలో మా ఆయన డ్రైవరు. మా కఫీల్ ఆ కొడుకే. అంటే మా ఉద్యోగం, మా ఇకామా అనే నివాస పత్రం, ఆ దేశంలో మేము ఉండడమూ పోవడమూ అతని సంతకం మీద నడిచేవి. ఆమెను నేను ఖాలా అనేదాన్ని. మా కడప వైపు ముస్లిం ఇళ్లలో పిన్నమ్మను పిలిచే పిలుపే అది. అరబ్బీలోనూ అదే కావడం నా అదృష్టం.

నేను బడికి పోలేదు. మా నాన్న వసారాలో కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పారు, నాన్నమ్మ ఖురాన్ చదవడం నేర్పింది. ఆ రెండు చదువులతోనే సౌదీకి వెళ్లాను. కొత్తల్లో నాకు తెలిసిన గ్రంథపు మాటలనే అతికించి మాట్లాడితే ఖాలా పొట్ట పట్టుకుని నవ్వేది. "బింతీ, నువ్వు ఉప్పు అడిగినా జుమ్మా నాడు మసీదులో ప్రసంగం విన్నట్టుంటుంది" అనేది. బింతీ అంటే బిడ్డా అని. ఆ ఒక్క పిలుపుకు నేను అల్లాకు చెప్పుకున్న కృతజ్ఞతలు ఇన్నీ అన్నీ కావు. పరాయి దేశంలో కన్నతల్లి లేని లోటు తెలియకుండా గడిపాను.

ఆ కొళాయి సంగతి చెప్పాలి. ఇల్లు కట్టేటప్పుడు, గోడలింకా లేవకముందే, పనివాళ్లు తాగడానికని ఖాలా భర్త వేయించిన గొట్టం అది. ఇల్లు పూర్తయ్యాక తీసేస్తామంటే ఆయన వద్దన్నాడట. గోడలో గూడు కట్టించి, నీళ్లు చల్లబరిచే పెట్టె పెట్టించి, కొళాయిని వీధివైపు తిప్పాడు. గొలుసుకు ఒక స్టీలు గ్లాసు. ఆ ఊళ్లో పంపులో వచ్చే నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగే నీళ్లు ట్యాంకరులో తెప్పించుకోవాలి. అందుకే దారిన పోయేవాళ్ల కోసం ఇలా నీళ్లు పెట్టడం అక్కడ పెద్ద పుణ్యం. సబీల్ అంటారు. చాలాచోట్ల దానిమీద పెట్టినవాళ్ల పేరు రాయిస్తారు. దీనిమీద పేరేమీ లేదు. వద్దన్నాడట ఆయన.

కువైట్ యుద్ధం రోజుల్లో కిటికీలకు టేపులు అంటించుకుని, విషవాయువు భయంతో తలుపుల కింద తడి తువ్వాళ్లు దోపుకుని బతికాం. యుద్ధం ఆగినా చమురు బావులు కాలుతూనే ఉండేవి. గాలి మావైపు తిరిగిన రోజు మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకోవలసి వచ్చేది. వాన పడితే గోడల మీద సిరా కారినట్టు నల్లటి చారలు. సముద్రంలో చమురు తెట్టు కట్టిందనీ, జుబైల్ దగ్గర ఉప్పునీళ్లను తీపి చేసే యంత్రాలు ఆగిపోతాయనీ పుకారు లేచినప్పుడు ఊరంతా డబ్బాలు పట్టుకుని ఉరికింది. మా కొళాయి ముందు పెద్ద వరస. కార్లు దిగి వచ్చి నిలబడ్డవాళ్లు కూడా అందులో ఉన్నారు. కొడుకు వచ్చి, "అమ్మా, మనకే చాలవేమో, కట్టేద్దాం" అన్నాడు.

"ఉన్నంతవరకు ఇద్దాం. అయిపోయాక మనమూ వాళ్లతో పాటు దప్పికతో కూర్చుందాం. తొందరేముంది?" అంది ఖాలా.

అల్లా దయవల్ల నీళ్లు ఆగలేదు. గోడలు మాత్రం నల్లగానే ఉండిపోయాయి. రంగు వేయిస్తే లోపలి మసి పైకి తేలింది. గీకించి మళ్లీ వేయిస్తే సముద్రపు గాలికి పెచ్చులూడింది. చుట్టుపక్కల వాళ్లు ఒకరొకరే గోడలకు రాళ్లు అతికించుకుంటున్నారు. మన ఇల్లే వీధికి దిష్టిబొమ్మలా ఉందని కొడుకుకు తలవంపులు. కాంట్రాక్టర్లను పిలుచుకురమ్మని మా ఆయనకు చెప్పాడు.

వచ్చినవాళ్లు నమూనాలు వాకిట్లో పెట్టి గేటు బయట నిలబడేవారు. ఖాలా తలుపు వెనక నుంచి మాట్లాడేది, ఆ నమూనా ముక్కలను నేను లోపలికి బయటికి మోసేదాన్ని. ఒకతను తళతళలాడే అల్యూమినియం రేకు తెచ్చాడు. "నా ఇంటికి డబ్బా తొడుగుతాడా?" అని ఖాలా దాన్ని తాకనైనా లేదు. ఇంకొకతను నున్నటి నల్ల గ్రానైట్ తెచ్చాడు. మూడో ఆయన హైదరాబాదు ఇంజనీరు. రియాద్ వైపు గనుల్లో తీసే లేత పసుపు రాయి తెచ్చాడు. మన భాషవాడని నేను సంబరపడి టీ కూడా పంపించాను.

ఖాలా ఆ ముక్కలన్నింటినీ పొద్దుటి నుంచి ఎండలో పెట్టించింది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక వచ్చి ఒక్కొక్కదాని మీద అరచెయ్యి ఆనించింది. నా చెయ్యి కూడా పట్టుకుని ఆనించింది. రేకు చురుక్కుమంది. గ్రానైట్ పెనంలా ఉంది. పసుపు రాయి మీద చెయ్యి నిలిచింది.

"ఇదే వేయండి. నీళ్లకు వచ్చినవాళ్లు వరసలో ఈ గోడకే ఆనుకుంటారు. వీపులు కాలకూడదు" అంది తలుపు వెనక నుంచి. ఇంజనీరుకు నేను దాన్ని తెలుగులో చెప్పాను.

"హాదర్, హాదర్" అన్నాడు ఇంజనీరు. అంటే చిత్తం, మీరు చెప్పినట్టే అని. రెండుసార్లు అన్నాడు, నా చెవులతో విన్నాను.

పని మొదలయ్యే ముందు కొడుకు తల్లిని తన చెల్లెలితో పాటు మదీనా దర్శనానికి, జియారత్‌కు పంపించాడు. దుమ్ము పడదు, హాయిగా ఉండి రమ్మన్నాడు. ఎంత మంచి కొడుకు అనుకున్నాను. మేస్త్రీ మాట విన్నాక ఆ మంచితనం నాకు వేరేగా కనిపించింది. తల్లిని ప్రవక్త పట్టణానికి పంపి, ఆమె అక్కడ చేతులెత్తి దువా చేసే వేళకు ఇక్కడ తండ్రి పెట్టిన నీళ్లు కట్టేయడమా! కట్టేయాలనుకుంటే ఆమె ఎదుటే కట్టేయరాదా?

సాయంత్రం మా ఆయన రాగానే అడిగాను.

"నీకు తెలుసునా ఈ సంగతి?"

"తెలుసు" అన్నాడు చెప్పులు విడుస్తూ.

"తెలిసీ ఊరకుండావా?"

"మే, ఆ గోడ ఎవురిది? రాయి ఎవురిది? మనం పైన కాపురముండేవాళ్లం. నోరు తెరిస్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి పంపిస్తాడు. కడపకు పోయి ఏం తింటావు, నీ న్యాయాన్నా?"

"దాన్నే తింటా. మదీనాకు ఫోను చెయ్యి."

"చెయ్యను. ప్రవక్త సన్నిధిలో ఉండే ముసలామెను ఏడిపించమంటావా?"

ఆ మాటతో నేను ఫోను సంగతి వదిలేశాను.

మరునాడు ఇంజనీరు వచ్చినప్పుడు గేటు దగ్గరికి వెళ్లి నేనే అడిగాను. పరాయి మగవాడితో అంత గట్టిగా మాట్లాడడం నాకు అదే మొదలు.

"కొళాయి ఉండేటట్టే కదయ్యా ఖాలాకు ఒప్పుకున్నారు?"

"చూడండమ్మా, పెద్దావిడ ఏదో సెంటిమెంట్‌తో అన్నారు, కాదనలేక సరే అన్నాం. టెక్నికల్‌గా అది కుదరదు. నీళ్లు చింది స్టోన్ మీద ఉప్పు పేరుకుంటుంది, తెల్లగా మరక. ఎలివేషన్ మొత్తం పోతుంది. అప్పుడు గ్యారంటీ ఎవరివ్వాలి? అయినా ఇప్పుడు ప్రతి బడ్డీలో బాటిల్ నీళ్లు దొరుకుతున్నాయి కదా."

"మీ మేస్త్రీలు బాటిళ్లు కొనుక్కుంటారా?"

"వాళ్లకి డ్రమ్ము పెట్టించాం కదమ్మా."

డ్రమ్ము నడి ఎండలో ఉంది. "అందులో మీరొక గ్లాసు తాగండి, నేను చూస్తాను" అన్నాను.

మేస్త్రీలలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. ఇంజనీరు ముఖం గంటు పెట్టుకుని, "మీరు అద్దెకుండేవాళ్లమ్మా, మీకెందుకు" అని అటు తిరిగాడు. మధ్యాహ్నానికి కొళాయి ఉన్నచోట పసుపు రాయి ఉంది.

తర్వాతి రోజుల్లో పై కిటికీ నుంచి చూసింది నేను మరిచిపోలేను. అలవాటు కొద్దీ జనం వచ్చేవారు. వీధులూడ్చే బంగ్లాదేశ్ మనిషి ఒకతను చీపురు గోడకు ఆనించి, వంగి, చెయ్యి చాపి, రాయి తగిలాక ఆ రాతినే కాసేపు తడిమి వెళ్లిపోయాడు. దారి తప్పానేమో అనుకున్నాడో ఏమో! అంతమంది గొంతుల సంగతి ఎవరికీ పట్టలేదు, రాతికి మరక పడుతుందట! చదువుకున్నవాళ్లకు వచ్చిన భయమల్లా అదేనట!

నేను బిందెలో ఐసు వేసి, కొళాయి ఉన్నచోటే గోడ పక్కన పెట్టడం మొదలుపెట్టాను. మా ఆయన చూసి పక్కనుంచి దాటి పోయేవాడు. కొన్నాళ్లకు పెద్ద థర్మాస్ డబ్బా ఒకటి తెచ్చి అక్కడ పెట్టి, "బిందెలో ఈగలు పడతాండాయి" అని లోపలికి వెళ్లిపోయాడు. అల్లా ఆయనకు మేలు చేయాలి.

ఖాలా తిరిగి వచ్చిన రోజు కొడుకు, ఇంజనీరు ఇద్దరూ మెప్పు వినడానికి గేటు దగ్గరే ఉన్నారు. ఆమె కారు దిగి, కర్ర ఊతంగా, ఒక అరచెయ్యి గోడకు ఆనించి నడిచింది. "బాగుంది, చల్లగా ఉంది" అంటూనే వచ్చి, థర్మాస్ దగ్గర ఆగింది. దాన్ని చూసింది. గోడను చూసింది. నన్ను చూసింది.

"ఇదేంది బింతీ?"

"నీళ్లు ఖాలా" అన్నాను.

"అమ్మా, మరక పడుతుందని..." అని కొడుకు మొదలుపెట్టాడు.

"మీ నాన్న పోయేటప్పుడు నీకేం చెప్పాడు? గోడకు మరక పడకుండా చూడమన్నాడా?"

ఖాలా లోపలి నుంచి కుర్చీ తెమ్మంది. ఏనాడూ వీధిలో నిలబడని మనిషి, నల్ల అబాయాతో ఆ ఎండలో గేటు ముందు కూర్చుంది.

"లోపలికి రా అమ్మా, ఎండగా ఉంది, జనం చూస్తున్నారు."

"ఎండేనని నాకూ తెలుస్తోంది. దాహంగా ఉంది. కొళాయి వచ్చాక తాగి వస్తాను."

నేను థర్మాస్ నుంచి గ్లాసు పట్టి ఇచ్చాను. "నీది నువ్విచ్చావు, అల్లా స్వీకరించాలి. నేను నా ఇంటిది తాగుతాను" అని మెల్లగా పక్కకు నెట్టింది.

ఇంజనీరు నావైపు తిరిగాడు. "కాస్త చెప్పండమ్మా. స్టోన్ కట్ చేస్తే మా పదేళ్ల గ్యారంటీ పోతుందని."

చెప్పాను. ఖాలా ముసుగులోంచి నవ్వినట్టు వినిపించింది.

"రాతికి పదేళ్లు ఇతనిస్తున్నాడు, సంతోషం. రేపు తెల్లవారి ఫజర్ నమాజు దాకా నాకెవరిస్తారో అడుగు."

దాన్నీ తెలుగులో చెప్పాను. ఆయన దగ్గర ఇంగ్లీషు ముక్క ఒక్కటీ మిగల్లేదు. వెనక మేస్త్రీ అప్పటికే కోత మిషను ప్లగ్గులో పెట్టి, "కొయ్యాల్నా సార్?" అంటున్నాడు. కొడుకు చెయ్యూపాడు. రాతి దుమ్ము వీధంతా లేచింది. ఖాలా కుర్చీ జరపనివ్వలేదు.

బిరడ తీసి మళ్లీ బిగించిన కొళాయి విప్పితే ముందు తుప్పు నీళ్లు వచ్చాయి, కాసేపటికి తేటబడ్డాయి. ఆమె బిస్మిల్లా అని మూడు గుక్కలు తాగి, గ్లాసు మేస్త్రీకి అందించమని సైగ చేసి, లేచి లోపలికి వెళ్లింది.

కోసిన అంచు వంకరగానే ఉండిపోయింది. ఇంజనీరు చెప్పినట్టే మరక కూడా పడింది. కొళాయి కింద తెల్లగా, కొంగు వేలాడినట్టు. ఆ విషయంలో ఆయన అబద్ధమాడలేదు. కఫీల్ చాలాకాలం మా ఆయనతో ముభావంగా ఉన్నాడు గానీ పంపించలేదు, అందుకు అతనికీ నేను రుణపడి ఉన్నాను. కానీ నా కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. ఒక ముసలామె తన మనసులో మాట చెబుతుంటే తలుపు ఇవతల హాదర్, హాదర్ అని, ఆమె వీపు తిరగ్గానే రాయితో మూసే మర్యాద ఉందే, దాన్ని నేను క్షమించలేకపోతున్నాను. క్షమించమని నమాజులో అడుగుతూనే ఉన్నాను.

మేము ఆ దేశం వదిలి వచ్చిన తర్వాత ఖాలా పోయిందని కబురు తెలిసింది. ఆ ఇల్లు ఉందో, పడగొట్టారో తెలియదు. ఆమె పేరు నేను ఇక్కడ రాయలేదు. నీళ్ల మీద పేరు రాయించుకోని ఇంటి మనిషి, నేను రాస్తే ఒప్పుకోదు. మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచేవారైనా సరే, ఈ రోజు చల్లటి నీళ్లు తాగేటప్పుడు అల్ ఖోబర్‌లో ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.