లెవూకాలో రెండుసార్లు కొట్టిన గంట

ఈ కథ నాది. కానీ ఇన్నేళ్లలో నన్ను చెప్పమని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఫిజీలో మా ఊరు నవాకాలో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయ్యాక యంగోనా అనే మత్తు కషాయం గిన్నె చుట్టూ చేరి అప్పన్న చెబుతాడు. అప్పన్న అలసిపోతే వాళ్లావిడ అందుకుంటుంది. ఆవిడ ఆ రోజు లెవూకాలో లేదు, అసలు అప్పటికి ఫిజీకే రాలేదు. అయినా ఆవిడ చెబితే నవ్వుతారు. నేను పక్కనుంచి "అలా కాదు, జరిగింది ఇదీ" అంటే మాత్రం, "నువ్వాగు తాతా, కథ పాడుచెయ్యకు" అంటారు. నా కథను నేనే పాడుచేస్తానట!

అందుకే రాస్తున్నాను. కాగితం మధ్యలో అడ్డురాదు. ముందే చెబుతున్నాను, ఇందులో ఒక పీత పోతుంది, ఒక పడవ పోతుంది, నా పరువు పోతుంది. పరువు పోయేది చివర కాబట్టి చివరిదాకా చదవండి.

అప్పుడు నేనూ అప్పన్నా రేవా నది ఒడ్డున ఒక తోటలో గిర్మిట్ చేస్తున్నాం. ఐదేళ్లు పని చేస్తామని వేలిముద్ర వేసిన ఒప్పందమే గిర్మిట్. అది పూర్తయితే స్వేచ్ఛ. కానీ సెలవు లేకుండా మానేసిన ప్రతి రోజునూ తెచ్చి చివర అతికిస్తారు. నేను ఐదేళ్లలో ఒక్క రోజు మానలేదు. జ్వరం వస్తే జ్వరాన్ని కూడా చెరకు కొట్టడానికి తీసుకెళ్లాను. ఇక తొమ్మిది రోజులే మిగిలాయి. పది వేళ్లూ చాపి, ఒకటి మడిచి, రోజూ పొద్దున్నే చూసుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా దొర అరటి గెలలు పక్క దీవిలోని లెవూకా పట్నానికి తోలుతూ, మొయ్యడానికి మా ఇద్దరినీ లాంచీ ఎక్కించాడు. గెలలు దించాక నాలుగు వేళ్లు మా ముక్కుల ముందు ఆడించి, "చార్ బజే, జెట్టీ!" అన్నాడు. నాలుగు దాటితే ఆటుకు నీరు తీసి రేవా మొగలో లాంచీ ఇసుకలో కూరుకుపోతుంది. అందుకని ఎవరి కోసమూ ఆగడు. ఆ మాట చెప్పి ఆయన హోటలుకి పోయాడు.

మేం ఊరి మీద పడ్డాం!

చెరకు తప్ప మరొకటి చూడని కళ్లకు ఆ బీచి వీధి ఎలా ఉంటుందో చెప్పనా? ఒకవైపు సముద్రం, ఇంకోవైపు నిట్టనిలువు కొండ, మధ్యలో ఇరుక్కున్న అంగళ్ల వరస. అంతా చెక్కే. తెల్ల రంగు, రేకు కప్పు, నీడ పడే వరండా. కొండ మీదికి మెట్లు, మెట్ల పైన ఇళ్లు, ఆ ఇళ్ల పైన ఇంకా మెట్లు. అప్పన్న నోరు తెరిచాడు, సాయంత్రం దాకా మూయలేదు.

"బావా, ఆ అంగడి సూడు. రెండంతస్తుల మేడ!"

నిజమే. పైన కిటికీలు కూడా ఉన్నాయి. లోపలికెళ్లి, ఒక ఫిజీ పెద్దమనిషికి గుడ్డ కొలుస్తున్న అంగడివాణ్ణి, "పైకి మెట్లెక్కడ?" అని అడిగాను.

"పైన ఏమీ లేదు" అన్నాడు తలెత్తకుండా.

ఏమీ లేదట! కూలీవాణ్ణి కదా, పైకి రానివ్వడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంగడి వెనక్కి వెళ్లి చూశాను. మేడ లేదు. ముందు గోడను మాత్రం పైకి లేపి, వెనక రెండు కర్రలు పోటు పెట్టారు. ముందునుంచి కలెక్టరు కచేరీ, వెనకనుంచి గొడ్లపాక.

"నిజంగానే ఏటీ లేదు కదా బావా" అన్నాడు అప్పన్న.

"లేకపోవచ్చు. కానీ తలెత్తి చెప్పొచ్చు కదా?" అన్నాను. ఆ అంగడివాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ పక్కనే చీనావాడి రొట్టెల కొట్టు, పడవ తాళ్లు అమ్మే కొట్టు, తలలేని చెక్కబొమ్మకు కోటు తొడిగిన దర్జీ కొట్టు. అన్నిటికీ మించి రాతితో కట్టిన ఒక గంట గోపురం, దాని మొహాన గడియారం. అంకెలు చదవడం మాకు రాదు. తోటలో మా కాలమంతా గంట దెబ్బలే. ఎన్ని కొడితే అన్ని. వాటిని లెక్కపెట్టడంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా నమ్మకం.

ఇంతలో వాగు గట్టునుంచి ఒక వాసన వచ్చింది. చింతపండు, మిరపకాయ, పీత! వాసన పట్టుకుని పోతే ఒక రేకుల పాక, రెండు చెక్క బల్లలు, నడుం బిగించిన ఒక ఆడమనిషి.

"మనోళ్లేనా? కూకోండి" అంది.

ఆ మాటకే నా కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె పేరు నరసమ్మ. గిర్మిట్ పూర్తి చేసి ఓడ మనుషులకు అన్నం వండి పెడుతోంది. అరిటాకు వేసి, అన్నం గుట్ట పోసి, మీద పీతల పులుసు కుమ్మరించి, "తింటా ఉండండి, వాగులో గిన్నెలు తోమేసి వస్తాను" అని వెళ్లింది.

ఐదేళ్ల తర్వాత పీతల పులుసు! పెద్ద కాలు ఒకటి తీసి పళ్ల మధ్య పెట్టానో లేదో, గోపురం మీద గంట కొట్టింది. టంగ్, టంగ్. రెండు. సరే అనుకుని కాలు కొరికాను. మరో నిమిషం గడిచిందో లేదో, టంగ్, టంగ్. ఇంకో రెండు.

నేను గభాలున లేచాను. "అప్పన్నా! నాలుగు!"

"ఎండ నడినెత్తినే ఉంది కదా బావా?"

"ఇది ఇంగ్లీషువాళ్లు కట్టిన ఊరు. ఇక్కడ ఎండ కూడా ఆలస్యంగా వస్తుంది. పద!"

ఇద్దరం పరుగు. బీచి వీధి మొత్తం మాకేసి చూసింది. నా చేతిలో పీతకాలు, గడ్డం మీదనుంచి కారుతున్న పులుసు. కత్తి దూసి యుద్ధానికి పోతున్న సిపాయిలా ఉన్నానని అప్పన్న ఈనాటికీ చెబుతాడు. సిపాయికి పులుసు కారదు, అది గమనించండి.

జెట్టీ దగ్గర లాంచీ కదలకుండా ఉంది. దొర లేడు. లాంచీ నడిపే ఫిజీ మనిషి తొమాసి నీడలో పడుకుని ఉన్నాడు. లేపితే రెండు వేళ్లు చూపించి, "దో బజా" అన్నాడు.

"రెండు కాదు, నాలుగు! నేను లెక్కపెట్టాను!"

తొమాసి పొట్ట పట్టుకుని నవ్వాడు. వచ్చీరాని హిందీలో విడమరిచాడు. ఈ ఊరి గంట ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుందట. ఒకసారి కొట్టి, నిమిషం ఆగి, మళ్లీ అంతే కొడుతుందట.

తిరిగి వచ్చేసరికి నరసమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మా ఆకుల మీద కాకులు పంక్తి భోజనం ముగిస్తున్నాయి.

"నా పులుసు వొగ్గేసి పారిపోయినోళ్లని ఇయ్యాలే సూసినాను! ఏటైనాదేటి?"

అప్పన్న మొత్తం చెప్పేశాడు. వాడి నోటికి తాళం ఆనాడూ లేదు. నరసమ్మ గరిటె కింద పెట్టి మరీ నవ్వింది.

"ఒరే అయ్యా, మొదటిపాలి లెక్క తప్పినోళ్ల కోసమేరా రెండోపాలి కొట్టేది. అచ్చం నీలాంటోడి కోసమే!"

నాకు అవమానం జరిగితే ఊరుకోను. అక్కడికక్కడే ఒక సూత్రం కట్టాను. "ఇకమీదట ఈ ఊళ్లో ఎంత వినిపించినా అందులో సగమే. నన్ను ఏ గడియారమూ మోసం చెయ్యలేదు."

నరసమ్మ మళ్లీ ఆకులు వేసింది. నా తొమ్మిది రోజుల లెక్క ఆమెకు చెబుతూ నేను మూడు పీతలు తిన్నాను. బల్ల మీద నడుం వాల్చాను. మూడు ఎప్పుడు కొట్టిందో నాకు తెలియదు. పీతల పులుసు తిన్నవాడికి ఎవరికైనా తెలుస్తుందా?

మెలకువ వచ్చేసరికి అప్పన్న నా భుజం ఊపేస్తున్నాడు, గంట మోగుతోంది. టంగ్, టంగ్, టంగ్, టంగ్.

"బావా, నాలుగు! లెగు బేగి!"

"నాలుగులో సగం రెండు" అని అటు తిరిగి పడుకున్నాను.

"ఒక పాలి ముందే కొట్టీసింది బావా! నువ్వు నిద్దరోతన్నావు. ఇది రెండోది!"

"నేను విన్నదే లెక్క. ఇందాక రెండయినప్పుడు ఎన్ని విన్నాం?"

"నాలుగు."

"ఇప్పుడెన్ని విన్నాను?"

"నాలుగు."

"మరి? అప్పుడు రెండైతే ఇప్పుడూ రెండే."

ఆ తర్కానికి జవాబు అప్పన్న దగ్గర ఈరోజుకీ లేదు. జవాబు ఉన్నది నరసమ్మ దగ్గర. కుండెడు నీళ్లు తెచ్చి నా నెత్తిన కుమ్మరించింది.

"తొమ్మిది రోజులు మిగిలినాయన్నావు కదరా! లెక్కలు లాంచీలో కట్టుకో, పో!"

అప్పుడు పరిగెత్తాను చూడండి, అలా నా జన్మలో మళ్లీ పరిగెత్తలేదు. జెట్టీ చివరికి చేరేసరికి లాంచీ పగడపు దిబ్బ దాటుతోంది. దొర టోపీ కనబడుతోంది. వెనక నిలబడ్డ తొమాసి మాకేసి చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించాడు.

"సగం సెయ్యమంటావేటి బావా?" అన్నాడు అప్పన్న. ఐదేళ్ల స్నేహంలో వాణ్ణి కొట్టాలనిపించింది ఆ ఒక్కసారే. కొట్టలేదు. వాడొక్కడే పరిగెత్తి ఉంటే లాంచీ అందేది. నన్ను వదిలి పోలేదు. ఈ ముక్క మాత్రం వాడు పెళ్లిళ్లలో చెప్పడు.

ఎండు కొబ్బరి ముక్కలు మోసే ఒక తెరచాప పడవ పట్టుకుని తోట చేరేసరికి రెండు రోజులు పట్టింది. తిన్నగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు.

"లెవూకాలో గంట వినబడలేదా?" దుబాసీ అడిగాడు.

"వినబడింది."

"ఎన్ని?"

"నాలుగు."

"మరి?"

"సగం చేశాను."

దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులోకి ఎలా మార్చాడో తెలియదు గానీ, జవాన్లు గోడకేసి తిరిగి నవ్వుకున్నారు. మేజిస్ట్రేటు ముక్తసరిగా ఏదో అన్నాడు. దుబాసీ మొదట హిందీలో, "దో దిన్" అన్నాడు. మద్రాసీలం కదా, అర్థమైందో లేదోనని మళ్లీ తెలుగులో, "రెండు రోజులు" అన్నాడు. అన్నాక, "అర్థమైందా?" అన్నాడు.

గిర్మిట్ చివర అతికించే రోజులవి. అప్పన్న వెంటనే తలూపాడు. నేను ఊపలేదు. తేలాల్సింది నా స్వేచ్ఛ. దాని విషయంలో ఇంకోసారి లెక్క తప్పుతానా?

"ఒక్క మాట" అన్నాను. "తమరు రెండుసార్లు చెప్పారు. రెండూ రెండూ కలిపి నాలుగా? సగం చేసి రెండేనా?"

గది మొత్తం పగలబడి నవ్వింది. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టి ఏదో అన్నాడు. దుబాసీ దాన్ని తెలుగులో ఒక్కసారే చెప్పాడు.

"నాలుగు."

అలా అప్పన్న నాకంటే రెండు రోజుల ముందు స్వతంత్రుడయ్యాడు. ఆ రెండు రోజులూ మా కూలీ ఇళ్ల లైన్ల బయట నిలబడి, పనికి పోతున్న నాకు రోజూ రెండుసార్లు దండం పెట్టాడు.

కాబట్టి నలుగురి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ గంట ఎన్ని కొట్టినా కలపను, తీసెయ్యను, సగం చెయ్యను. అవసరమైతే పక్కవాణ్ణి అడుగుతాను, వాడు అప్పన్నే అయినా సరే.

అయితే ఒక్క విషయం. ఆ రోజు నేను కోర్టులో చేసింది ఎగతాళి కాదు. అడిగింది ప్రశ్న. ప్రశ్నకు శిక్ష వేశారు గానీ జవాబు చెప్పలేదు. ఆ దుబాసీ ఉన్నా, ఆయన పిల్లలున్నా, ఆనాటి కాగితాలు చూసినవారెవరున్నా సరే, నవాకాలో నా ఇల్లు ఎవరినడిగినా చూపిస్తారు. నేను నోరు విప్పకముందు మేజిస్ట్రేటు వేసింది రెండా, నాలుగా? వచ్చి చెప్పండి. ఒక్కసారి చెబితే చాలు.