పొడి గడ్డిలో కుండ

మా అత్త బుధవారం పొద్దున్న పోయింది. ఆవిడ ఎప్పుడూ చెప్పినట్టే, పొద్దుగుంకేలోపు పాతిపెట్టాం. వచ్చినవాళ్ళలో సగంమందికి ఆవిడ పేరే తెలియదు. "శనివారం ఆవిడ" అన్నారు. అంటూ కొందరు నవ్వారు. ఆ నవ్వు విన్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా మేనమామ భార్య. గుంటూరు వైపు ఒక యూదుల ఇంట్లో పుట్టింది. తెలుగు యూదులు కూడా ఉంటారా అని అడుగుతారు మీరు. కొద్దిమందే, కానీ ఉన్నారు. చర్చికెళ్ళే మా ఇంటికి, చోడవరానికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు బతికింది. మా యాస పట్టేసింది. యూదులు ఏ పనీ చెయ్యని శనివారం మాత్రం వదల్లేదు.

శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం చుక్కలు కనబడేదాకా పొయ్యి వెలిగించదు. అలాగని చల్లటి కూడు తినే మనిషీ కాదు. శుక్రవారం సాయంత్రమే బియ్యం, శనగలు, ఉల్లిపాయలు పూర్తిగా ఉడికించి, ఇంకా పొద్దుండగానే ఆ కుండను వెదురు గంపలో ఎండుగడ్డి మధ్య కుదురుగా పెట్టి, పైన గోనెసంచులు కప్పేది. మర్నాడు మధ్యాహ్నం కుండ బయటికి తీసేది కాదు. గంపనే ఒక పక్కకి వంచి గరిటెతో వడ్డించేది. కుండ పైకి తీస్తే గడ్డిలో గుంత కూలిపోతుంది. కూలితే శనివారం మళ్ళీ సర్దకూడదు.

నేను బుచ్చయ్యపేట దగ్గర బెల్లం గానుగలో చెరకు పిప్పి ఆరబోస్తాను. తడి పిప్పి కుప్పలో చెయ్యి పెడితే లోపల వేడిగా ఉంటుంది. కుండకి మంచిదని ఒక శుక్రవారం బస్తాడు మోసుకొచ్చాను. అత్త అందులో చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"ఒసే, ఇది లోపల ఇంకా పని సేస్తంది. ఉన్న వేడి దాసుకోవచ్చు. కొత్తగా పుట్టించకూడదు. శనివారం నా కూటి కోసం ఎవులూ పని సెయ్యకూడదు, పిప్పయినా సరే."

"మరి నేనో?" అన్నాను. నాకు శనివారం సెలవు లేదు.

"అది నాకు కాదు, మీ మేస్త్రీకి సెప్పు," అంది.

చెప్పలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు.

తరవాత ఒకసారి నగరం నుంచి ఒకాయన, ఈవిడ నిజంగా యూదురాలేనా అని చూడ్డానికి వచ్చాడు. శుక్రవారమే వెలిగించి శనివారందాకా వదిలేసే కరెంటు పొయ్యి లేదా అని అడిగాడు. "మా కరెంటు నన్నడిగి పోదు బాబూ," అంది. గడ్డి సంగతి యూదులది కాదు, ఇక్కడి రైతుల దగ్గర నేర్చుకుని ఉంటుందని నవ్వుతూ రాసుకున్నాడు. అత్త గంప వంచి ఆయనకీ వడ్డించింది. నాకు ఒళ్ళు మండింది.

నాది పదో తరగతితో ఆగిన చదువు. యూదుల పాత ధర్మగ్రంథాల్లో శనివారం గురించి ఏముందో ఫోన్లో నెలల తరబడి వెతికి చదివాను. అన్నీ ఉన్నాయి. తడి గడ్డి వద్దు, పొడి గడ్డి పరవాలేదు. గంప వంచి తీసుకోవాలి. ఆలివ్ కాయల నుంచి నూనె తీసేశాక మిగిలే పిప్పిలో కుండ పెట్టనే కూడదు. వాళ్ళకీ పిప్పే! అత్త జన్మలో ఆలివ్ కాయ చూడలేదు. చెయ్యి పెట్టి తెలుసుకుంది. చదివి వినిపిస్తే, "నాకు తెలీదేటి? మా నాన్న సెప్పేడు," అని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

మొన్న శుక్రవారం పెద్దమావయ్య, అంటే మావయ్య అన్న, ఆ గంపను గానుగ పొయ్యిలో పడేయమన్నాడు. "ఆ శనివారం ఆవిడితోనే పోయింది. నీకేటి సంబంధం?" అన్నాడు. మావయ్య తల వంచుకుని కూర్చున్నాడు.

నిజమే. నేను ఆవిడ రక్తం కాదు, ఆవిడ మతం కాదు. నాకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆవిడకి మాత్రం ఎవరిచ్చారు? గంప లాక్కుని వంటింట్లో పెట్టాను. పొద్దుండగానే శనగలు ఉడికించాను. మేస్త్రీకి ఫోన్ చేసి రేపు రానన్నాను. జ్వరమా అని అడిగాడు.

"కాదు. శనివారం."

పనిలోంచి తీసేస్తానన్నాడు. తీసెయ్యమన్నాను.

శనివారం మధ్యాహ్నం మావయ్యకి కంచం పెట్టి గోనెలు తీశాను, గంప మెల్లగా వంచాను. లేచిన ఆవిరి ఆయన కళ్ళజోడుకి పట్టేసింది. ఆయన తుడుచుకోలేదు. వడ్డించి, గంప మళ్ళీ నిలబెట్టి చూశాను. గడ్డి కూలలేదు.