ద్రాక్షతోటలో పెడమొహాలు

పోయిన నెలలో మా అబ్బాయికి ఇరవై ఒకటి నిండింది. ఈ దేశంలో పిల్లలకు చట్టప్రకారం గ్లాసు పట్టుకునే యోగ్యత వచ్చే వయసది. వాడు ఆ వారమే ఫోన్ చేసి, "అమ్మా, సండే ప్లాన్స్ ఏం పెట్టుకోకండి. నాన్నని వైనరీకి తీసుకెళ్తున్నా. రిజర్వేషన్ కూడా చేసేశాను, నువ్వూ రా" అన్నాడు. పక్కనే కూర్చుని విన్న మా ఆయన "మంచిదే" అని, లేచి వెళ్ళి ఎందుకో చొక్కా మార్చుకొచ్చారు. ఆదివారానికి ఇంకా బోలెడు సమయముంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మామయ్యగారు గుర్తొచ్చారు.

మాది వైట్‌హౌస్‌కి గంట దూరంలో ఉన్న ఆష్‌బర్న్. కిటికీలు లేని డేటా సెంటర్లు దాటుకుని అరగంట పడమటికి పోతే లోకమే మారిపోతుంది. రాతిగోడలు, గుర్రాలు, కారుకు దుమ్ము పట్టించే కంకర రోడ్లు, కొండవాలంతా ద్రాక్షతోటలు. అయినా ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు మేం వాటిని చూపించం. మొదటి వారం వైట్‌హౌస్, రెండో వారం గుడి, మూడో వారం అవుట్‌లెట్ మాల్. ఆ తర్వాత చూపించడానికేమీ లేక పప్పు రుబ్బి గారెలు వండుతాం. మామయ్యగారు వచ్చినప్పుడూ అంతే జరిగింది. అప్పటికి మా అబ్బాయి ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నాడు. అత్తయ్యగారు పోయి రెండేళ్ళు కావస్తోంది.

మామయ్యగారు బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యారు. తెల్లవారుజామున డ్రైవర్లు బండెక్కే ముందు వాళ్ళ నోరు వాసన చూసి పంపడం ఆయన ఉద్యోగంలో ఒక భాగం. "మిషన్లు రాకముందు మా డిపోకి నా ముక్కేనమ్మా మిషను" అని గర్వంగా చెప్పుకునేవారు. అలాంటి ముక్కు కింద పెరిగినవారు మా ఆయన. ఆఫీసు పార్టీలో ఒక బీరు తాగితే, తండ్రి సప్తసముద్రాల అవతల ఉన్నా సరే, లవంగం నమిలి గానీ గుమ్మంలోకి వచ్చేవారు కాదు.

తండ్రీకొడుకులకు గొడవలేమీ లేవు. మాటలే లేవు. అత్తయ్యగారున్నన్నాళ్ళూ ఆవిడ ద్వారా మాట్లాడుకునేవారు, ఆవిడ పోయాక ఆ టపా ఉద్యోగం నాకు పడింది. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఉండేవారు. "నాన్నకి చలేస్తోందేమో కనుక్కో" అని ఈయన నాతో అనేవారు. "వాణ్ణి పెందలాడే పడుకోమనమ్మా" అని ఆయన. నేను వంటింట్లోంచి ఇద్దరికీ జవాబులు అందించేదాన్ని. ఒక్క మాట మాత్రం మా ఆయన నాచేత మోయించలేదు. అత్తయ్యగారికి బాగాలేదని కబురొచ్చినప్పుడు మా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. దేశం దాటితే తిరిగి రావడం కష్టమని లాయర్ చెప్పాడు. రేపా మాపా అని ఊగిసలాడుతుండగానే ఆవిడ వెళ్ళిపోయారు. బాబాయిగారి అబ్బాయి చేత తలకొరివి పెట్టించారు. "చివర్లో అమ్మ నన్నడిగిందా అని నాన్నని అడగాలి" అని ఈయన నాతో చాలాసార్లన్నారు. అడగనూ లేదు, నన్ను అడగనివ్వనూ లేదు. మామయ్యగారి తిరుగు ప్రయాణం దగ్గరపడేసరికి ఈయనకు నిద్ర కరువైంది.

ఆ చివరి ఆదివారం, "నాన్నగారికి ద్రాక్షతోట చూపిద్దాం" అన్నారు ఈయన నాతో, ఆయనకు వినబడేట్టు. వైన్ అన్న మాట పొరపాటున కూడా దొర్లలేదు. అబ్బాయిని స్నేహితుడి బర్త్‌డే పార్టీలో దింపి, పులిహోర, గారెలు, ఆవకాయ కలిపిన పెరుగన్నం కూలర్‌లో పెట్టుకుని బయల్దేరాం. డ్రైవింగ్ నాది. అక్టోబరు నెల కావడంతో కొండలన్నీ పసుపూ కుంకుమా జల్లినట్టున్నాయి. మామయ్యగారు స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకుని తోటంతా తిరిగారు. ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకుని, "ఇంతోటి గింజలపండుకా ఇంత హంగామా! మన బజార్లో అయితే బేరం కూడా ఆడరమ్మా" అని తేల్చేశారు.

లోపల కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ నవ్వుతూ మా ముందు మూడు గ్లాసులు పెట్టింది. నేను డ్రైవ్ చేయాలన్నాను. "నాకిలాంటివి అలవాటు లేదమ్మా" అన్నారు మామయ్యగారు. "నాకసలు పడదు" అన్నారు మా ఆయన, నా కళ్ళలోకి చూడకుండా. వైనరీకి వచ్చి ముగ్గురికి ముగ్గురం వద్దనేసరికి ఆవిడ పాపం జాలిపడి ద్రాక్షరసం పోసిచ్చింది. పెళ్ళిపందిట్లో పిల్లల పంక్తిలో కూర్చున్నట్టు ముగ్గురం బుద్ధిగా తాగాం.

కాసేపటికి ఈయన రెస్ట్‌రూమ్‌కని వెళ్ళారు. మామయ్యగారు అలా నడిచొస్తానని ఇంకో వైపు వెళ్ళారు. ఎంతకీ ఇద్దరూ తిరిగి రారు. వెతుక్కుంటూ వెళ్తే మా ఆయన పీపాల వెనక నిలబడి రెడ్ వైన్ తాగుతున్నారు. "నాన్నకి చెప్పకే" అని బతిమాలారు. తలూపి వరండా వైపు వెళ్ళేసరికి అక్కడ మామయ్యగారు, మఫ్లరు చాటున గ్లాసు! "అమ్మాయ్, శనివారాలు ఒక్క పెగ్గు, మీ అత్తయ్యకి మాత్రమే తెలుసు. వాడికి తెలియనీకమ్మా, లోకువైపోతాను" అన్నారు. ఒకే ఉత్తరం రెండు వైపుల నుంచీ అందుకున్న పోస్ట్‌మాన్‌లా మధ్యలో నిలబడ్డాను. నాకు నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. చివరికి విసుగే నెగ్గింది.

చెట్టు కింద పిక్నిక్ బల్ల మీద గిన్నెలు సర్ది, "ఇద్దరికీ చెబుతున్నాను, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకుని భోజనానికి రండి. మొహాలు చూసుకోలేకపోతే చూసుకోకండి" అని గట్టిగా కేకేశాను. చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. బల్లకు రెండు పక్కలా బెంచీలుంటే, మామయ్యగారు తోట వైపు తిరిగి ఒకదానిమీద, మా ఆయన పార్కింగ్ వైపు తిరిగి రెండోదానిమీద కూర్చున్నారు. మధ్యలో బల్ల, ఇద్దరి వీపులూ బల్లకు ఆని ఉన్నాయి. మర్యాద దక్కింది. నేను చివర కూర్చుని అటొక గారె, ఇటొక గారె అందిస్తున్నాను.

"నాన్నగారికి వైన్ నచ్చిందేమో అడుగు" అన్నారు ఈయన. "నా నోట్లో గారె ఉంది. మీరే అడగండి" అన్నాను. ఈయన చేతిలోని గారెను తుంచి ముక్కలు చేశారు. ఆ తర్వాత పార్కింగ్ లాట్‌లోని కార్లను చూస్తూ, "నాన్నా, అమ్మ చివర్లో నన్నడిగిందా?" అన్నారు. నా నోట్లో గారె అలాగే ఆగిపోయింది.

మామయ్యగారు తోట వైపే చూస్తూ గ్లాసులో ఉన్నది పూర్తి చేశారు. "అడగలేదురా. నీకబద్ధం చెప్పను. ముందురోజు సాయంత్రం మాత్రం, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టారా, వాడికి పంపించాలి అంది. కట్టానన్నాను. ఇంకేం మాట్లాడలేదు." ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "నువ్వు రాలేదని మేమెవరమూ తప్పుగా అనుకోలేదురా. నువ్వే అనుకుంటున్నావు" అన్నారు.

మా ఆయన భుజాలు కదిలిపోయాయి. మామయ్యగారు మఫ్లరుతో కళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరి మొహాలూ నాకే కనిపించాయి. కాసేపటికి మామయ్యగారు వెనక్కి తిరక్కుండానే ఒక గారె తీసి భుజం మీదుగా చెయ్యి చాపారు. ఈయన కూడా తిరక్కుండానే తడుముకుని అందుకున్నారు. వచ్చేటప్పుడు, దారిలో ఎక్కే మనవడికి వాసన తెలియకూడదని, ఇద్దరూ లవంగాలు నములుతూ, చలిలో కారు అద్దాలన్నీ దించి కూర్చున్నారు. నేను వణుకుతూ డ్రైవ్ చేశాను.

మామయ్యగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ చివరిరోజుల్లో మా ఆయన తండ్రి మంచం పక్కనే ఉన్నారు.

పోయిన నెలలో మా అబ్బాయి తీసుకెళ్ళింది ఆ తోటకు కాదు, ఇంకో కొండమీది కొత్త చోటుకి. చీజ్ పళ్ళెం, ఆలివ్‌లు, ఏ గ్లాసుతో ఏది తినాలో చెప్పే పిల్ల. నా సంచిలో గారెలున్నాయని మావాడికి తెలుసు, చూడనట్టు ఊరుకున్నాడు. వాడు గ్లాసెత్తి "చీర్స్ నాన్నా" అనగానే మా ఆయన తన గ్లాసు పట్టుకుని, తనకే తెలియకుండా కుర్చీ కొండల వైపు తిప్పేసుకున్నారు.

"నాన్నా, వై ఆర్ యూ సిటింగ్ లైక్ దట్? ఇటు తిరుగు" అన్నాడు వాడు.

మా ఆయన కుర్చీ ఇటు తిప్పి, కొడుకు కళ్ళలోకి చూస్తూ గ్లాసు ఎత్తారు. ఆ కాస్త తిరగడానికి మా ఇంట్లో ఒక తరం పట్టింది.