రిపోర్టులో లేని జబ్బు

అమరచింతలో మా అక్క అత్తగారింటి వాకిట్లో నిలబడి నేనొక నిమ్మకాయ కోశాను. ఎర్రటి రసం కారింది. చుట్టూ మూగిన జనం నోరు తెరిచారు.

"నాకు ఏ మంత్రమూ రాదు. పులుపు తగిలితే ఎర్రబడే రంగు ఒకటి మా బడిలో ఉంటది. దాన్ని కత్తికి పూసిన. నిన్న మీ మంత్రగాడు జేసింది గూడ గిదే" అన్నాను.

మంత్రగాడు అప్పటికే సంచి సర్దుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వనపర్తిలో సైన్సు పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు మూఢనమ్మకాల మీద సభలు నడిపే మిత్రబృందంలో తిరిగే రోజులవి. రెండువేల దశకం ఇంకా మొదట్లోనే ఉంది. ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

గద్వాల చీరలు నేసే ఇల్లది. బావ మగ్గం మీద కూర్చుంటే అక్క నూలు కండెలు చుట్టేది, పని తీరితే తనూ నేసేది. నాలుగు నెలలుగా ఏదీ ముట్టడం లేదు. అన్నం మట్టిలా ఉందనేది. పలకరిస్తే కళ్లనీళ్లు పెట్టుకునేది, ఎందుకో తనకే తెలియదనేది. గాలి సోకిందని అక్క వాళ్ల అత్తమ్మ తేల్చింది. ఆ గాలిని నేను నిమ్మకాయతో కోసిపారేశాను.

జనం వెళ్లిపోయాక అత్తమ్మ నా దగ్గరికొచ్చింది. "సారూ, గాలి లేదంటివి. నీ నోట్ల చక్కెర పొయ్య. ఏం లేనట్టే గద ఇగ? లెవ్వుమను మీ అక్కను. కండెలు శానా ఉన్నయి."

నేను తలూపాను. అంతటితో ఆగలేదు. అక్క పక్కన కూర్చుని, "ధైర్నం తెచ్చుకో అక్కా. మనసు గట్టి చేసుకుంటే అంత అదే పోతది" అని చెప్పి బస్సెక్కాను.

నెలన్నర తర్వాత బావ ఎస్టీడీ బూత్ నుంచి బడికి ఫోన్ చేశాడు. రెండు రోజులుగా అక్క మెతుకు ముట్టలేదట. వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"తమ్మీ, గాలి సోకిందన్నప్పుడు నన్ను పండుకోనిచ్చిండ్రు. ఆ గాలికి భయపడి ఎవ్వరు గట్టిగ మాట్లాడలె. నువ్వొచ్చి పోయినంక నకరాలు చేస్తుందంటుండ్రు." నా వైపు తిరిగి అంది: "బతకబుద్ధి అయితలేదు. నిజంగనే నాకేం లేదా?"

దయ్యం ఉందా అని మా సభల్లో వందసార్లు అడిగాం. లేదని తేలాక, మరి ఈమె ఎందుకు లేవలేకపోతోందని ఒక్కసారీ అడగలేదు. మనసు గట్టి చేసుకొమ్మని నేనిచ్చిన సలహా కూడా మంత్రమే. కాకపోతే దానికి నిమ్మకాయ ఖర్చు లేదు.

కర్నూలులో మనోవైద్యుడికి చూపించాను. ఆయన ముందు గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథికి రక్తపరీక్ష రాశాడు. అది మందగిస్తే మనిషి ఇలాగే కుంగిపోతుందట. రిపోర్టు మామూలుగా వచ్చింది. అప్పుడు విడమరచి చెప్పాడు. మెదడులో ఒక కణం నుంచి మరో కణానికి కబురు మోసే రసాయనాలుంటాయి. సెరటోనిన్ వాటిలో ఒకటి. నిద్ర, ఆకలి, ఉత్సాహం వీటి మీద ఆధారపడతాయి. దిగులు ఎక్కువ కాలం ఉంటే ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు కూడా అదుపు తప్పుతాయి. "అన్నీ మాకు తెలిసిపోయాయని చెప్పను. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. మొదటిది పడకపోతే మారుస్తాను" అన్నాడు.

అమరచింతకు తిరిగొచ్చాక బావ రిపోర్టు కాగితం తిరగేసి మరగేసి చూశాడు. ఆయన నేతగాడే గానీ వాదనలో నా మిత్రబృందాన్నంతా కూర్చోబెట్టగలడు.

"బామ్మర్దీ, దయ్యం కనబడదు, గందుకే లేదంటివి. గీ మెదడుల రసం గూడ కనబడ్తలేదు. రిపోర్టుల లేనే లేదు. మరి గిదెట్ల నమ్మాలె?"

అత్తమ్మ నవ్వింది. "సారు సంచిల ఇంకో నిమ్మకాయ ఉందేమో చూడు."

నాకు కోపం వచ్చింది. కానీ ప్రశ్న మంచిది. "నమ్మకు బావా. ఆరు వారాలు ఆగి చూడు. గుణం రాకుంటే నేనే వచ్చి గీ వాకిట్లనే పనిచేయలేదని చెప్త. మీ దయ్యం ఎన్నడన్న గట్ల ఒప్పుకున్నదా?"

"అయితే గా ఆరు వారాలు మీ ఇంటికే తీస్కపో" అన్నాడు బావ. అక్కను వనపర్తికి తెచ్చుకున్నాను.

ఆరు వారాలు గడిచాయి. నిద్ర కొంచెం కుదిరింది, అంతే. అన్నమాట ప్రకారం అమరచింత వెళ్లి వాకిట్లో నిలబడి చెప్పాను: "మొదటి మందు సరిపడలే. డాక్టర్ మార్చిండు." బావ మగ్గం ఆపకుండానే, "దయ్యం పాయె, మందు పాయె. ఇగ నువ్వు మిగిలినవ్" అన్నాడు. నేను సిగ్గుపడలేదు. తప్పును బయటపెట్టి దిద్దుకోవడం ఓటమి అనుకునేవాళ్లే మంత్రగాళ్ల దగ్గర క్యూ కడతారు. మా మిత్రబృందంలోని ఓ పెద్దమనిషి కూడా, "బలహీనులకేగా ఈ మాత్రలు" అన్నాడు. "మీ కళ్లద్దాలు తీసి, చూపు గట్టి చేసుకోండి" అన్నాను. తర్వాత చాలాకాలం ఆయన నాతో మాట్లాడలేదు. ఆ మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

రెండో మందు మొదలుపెట్టిన అయిదో వారంలో, నేను తెచ్చిన కూరగాయల సంచి విప్పి అక్క గట్టిగా అరిచింది. "గీ వంకాయలు పశువులు గూడ తినవు. ఎవడంటగట్టిండురా నీకు?" ఎనిమిది తొమ్మిది నెలలుగా ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మర్నాడు కూడా తిట్టించుకుందామని అలాంటివే తెచ్చాను.

ఇంకో రెండు నెలలకు అక్కను అమరచింతలో దిగబెట్టాను. రోజులో ఒక పూటే పని అని బావతో ముందే మాట్లాడుకున్నాను. ఆయన వాదించలేదు. "మనిషి మనిషైంది, చాలు" అన్నాడు. అత్తమ్మ మాత్రం అక్కను పక్కకు పిలిచి గొణిగింది. "ఎవలన్న అడిగితే బలం గోళీలని చెప్పు బిడ్డా. లేకుంటే పిచ్చిదంటరు."

కాసేపటికి అరుగు మీద కండెలు చుట్టుకునే ఆడవాళ్లు చేరారు. అక్క అందరి ముందే మాత్ర వేసుకుంది. పక్కింటామె అడిగింది. "ఏం గోళీ వదినా అది?"

అత్తమ్మ నోరు తెరిచేలోగా అక్క గ్లాసు కింద పెట్టింది.

"దిగులు జబ్బుకు. మెదడుల తేడా వచ్చింది, డాక్టర్ ఇంకా శాన్నాళ్లు వేస్కోమన్నడు. పిచ్చిదంటె అనుకోండ్రి. నేనైతె దాయ."

ఎవరూ నవ్వలేదు. చేతుల్లోని కండెలు తిరుగుతూనే ఉన్నాయి. పక్కింటామె కొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"వదినా, నిద్ర పట్టకపోవుడు గూడ గదేనా?"