టికెట్ నంబర్ పదిహేడు: పరిష్కారమైంది

దేవుడి పనిలో నేను చేసినంత ఘోరం అమెరికాలో మా అల్ఫారెట్టా ఊరి తెలుగు క్రైస్తవ సంఘంలో ఇంకెవరూ చేసి ఉండరు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా నేనే చెప్పేస్తాను. నేను చెప్పకపోతే మా ఆవిడ సునీత చెబుతుంది, ఆవిడ చెబితే ఇంతకు రెట్టింపు ఉంటుంది.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. ఓ కంపెనీలో సపోర్ట్ టీమ్ లీడ్‌ని. కస్టమర్ ఏదో పనిచెయ్యడం లేదని మొరపెట్టుకుంటే దానికో టికెట్ తెరవడం, నంబరివ్వడం, మూసెయ్యడం నా ఉద్యోగం. లోకంలో ఎవరి కష్టమైనా ఇలాగే తీరిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇంట్లో కుళాయి కారుతోందని సునీత చెబితే "ప్రయారిటీ ఎంత?" అని అడిగిన ఘనుణ్ణి. ఆవిడ చూసిన చూపుకి కుళాయి దానంతటదే ఆగిపోయిందని నా అనుమానం.

ఓ ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టర్ జయరాజుగారు నాతో అన్నారు: "సుధాకర్, ప్రశ్నలు అడగకుండా విశ్వాసం ఎదగదయ్యా. మనవాళ్లకేమో అడగాలంటే భయం. విశ్వాసం తక్కువనుకుంటారని మొహమాటం. పేరు రాయకుండా చీటీలు వేసేలా ఓ డబ్బా పెడదామా?"

డబ్బా! నేను బతికుండగా అట్టడబ్బానా?

"డబ్బా ఎందుకండీ అయ్యగారూ, నేను సిస్టమ్ పెడతాను. ఫోన్‌లో ప్రశ్న పంపిస్తే చాలు, పేరు ఎవరికీ కనపడదు."

"మరి జవాబులు?"

"నేనున్నాను కదండీ!"

ఆయన కాస్త సందేహంగానే చూశారు. "వచ్చిన ప్రశ్నలన్నీ నాకు చూపించు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం."

"తప్పకుండా" అన్నాను. పాపం పెద్దాయన, ఆయనకెందుకు శ్రమ అని మనసులో అనుకున్నాను. నా జీవితంలో నేను చూపించిన జాలి అంతా ఇలాంటి చోట్లే ఖర్చయింది.

శనివారమంతా కూర్చుని ఆఫీసు పద్ధతిని దింపేశాను. ప్రశ్న రాగానే నంబరు. అందులో ఏ మాట ఉంటే దానికి ముందే రాసిపెట్టిన జవాబు. ఆ వెంటనే "పరిష్కారమైంది" అన్న ముద్ర. వారంలో పదహారు ప్రశ్నలొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి చదవలేదు నేను, లెక్క మాత్రం చూశాను. పదహారూ క్లోజ్! శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ సునీతతో గొప్పలు పోయాను.

"దేవుడి గురించి సందేహం వస్తే మా దగ్గర నాలుగు సెకన్లలో తీరిపోతోంది, తెలుసా?"

"ఎవరికి తీరింది?" అంది.

దానికి నా దగ్గర జవాబు రాసిపెట్టి లేదు. ఆఫీస్‌కి టైమైపోతోందని లేచాను.

ఆ ఆదివారం సువర్ణ ఆంటీ రాలేదు. ఆవిడ రిటైరైన నర్సు, మా పాటల బృందంలో ముందు వరస మనిషి. ఆవిడ భర్త డేవిడ్ అంకుల్‌కి జబ్బు చేస్తే సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థనలు చేశాం. అయినా అంకుల్ పోయారు. ఆ తర్వాత మూడు నెలల్లో ఆంటీ ఒక్క ఆదివారం మానలేదు. అందుకే ఆవిడ కుర్చీ ఖాళీగా ఉండటం అందరికీ కనిపించింది.

ఆరాధన అయ్యాక జయరాజుగారు నన్ను పక్కకి పిలిచి తన ఫోన్ నా చేతిలో పెట్టారు. ఆంటీ ఆయనకి ఫార్వర్డ్ చేసిన మెసేజ్. పైన ఆంటీ ప్రశ్న:

"అంతమందిమి అంత ఏడ్చి అడిగాం కదా. మా ఆయన్ని దేవుడు ఎందుకు బాగు చెయ్యలేదు? అసలు విన్నాడా?"

కింద నా సిస్టమ్ జవాబు:

"వందనాలు. మీ టికెట్ నంబర్ పదిహేడు. మీరు చెప్పిన సమస్య మా వైపు కనిపించడం లేదు. కనుక పరిష్కారమైనట్టు భావించి మూసివేస్తున్నాం. మా సేవ ఎలా ఉంది? ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇవ్వండి."

ప్రశ్నలో తనకి తెలిసిన మాట ఏదీ దొరక్కపోతే సిస్టమ్ పంపే జవాబది. ఆఫీసు కస్టమర్ల కోసం రాసింది, తీసెయ్యడం మర్చిపోయాను. ఆంటీ ఎన్ని నక్షత్రాలిచ్చారో అన్న దిక్కుమాలిన ఆలోచన కూడా ఆ క్షణంలో వచ్చింది, మీ దగ్గర దాపరికం దేనికి. ఒక్కటీ ఇవ్వలేదు.

"ఇవన్నీ నాకు చూపిస్తానన్నావు" అన్నారు జయరాజుగారు.

"మీకు శ్రమ ఎందుకని..."

"ఆవిడ ఇంక సంఘానికే రానంటున్నారు సుధాకర్. పద, కారు తియ్యి."

పావుగంట డ్రైవ్. దారంతా క్షమాపణ తయారు చేసుకున్నాను, మూడు పాయింట్లుగా. ఆంటీ తలుపు తీశారు. వందనాలు చెప్పలేదు. ఇన్నేళ్లలో ఆవిడ నోట వందనాలు రాకపోవడం అదే మొదలు.

"ఆంటీ, అది నేను రాసింది కాదండీ, సిస్టమ్..."

"సిస్టమ్ పెట్టిందెవరు?"

"నేనే."

"ముప్పై ఏళ్లు నర్సు పని చేశాను బాబూ. పేషెంటు నొప్పి అంటే 'నాకేం కనిపించట్లేదే' అని ఏనాడూ అన్లేదు నేను."

మూడు పాయింట్లూ గొంతులోనే ఉండిపోయాయి. "తప్పయింది ఆంటీ" అని మాత్రం అనగలిగాను. ఆవిడ నన్ను వదిలేసి పాస్టర్‌గారి వైపు తిరిగారు.

"మీరైనా చెప్పండి అయ్యగారూ. ఎందుకు బాగు చెయ్యలేదు?"

జయరాజుగారు ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. "నాకు తెలీదమ్మా. ఆయన్ని సమాధి చేసిన రోజు నుంచీ నేనూ అదే అడుగుతున్నాను" అన్నారు.

"మీరు కూడానా?"

"నేను కూడా. అంతెందుకు, ఎలాగూ పేరు కనపడదన్నాడు కదా అని, ఈ సుధాకర్ సిస్టమ్‌లో నేనూ ఓ ప్రశ్న వేశాను."

ఆయన ఫోన్ తీసి ఆంటీకి ఇచ్చారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారు.

"డేవిడ్ గారు పోయినప్పట్నుంచి ప్రార్థనకి కూర్చుంటే నాకు మాట రావడం లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి?"

దాని కింద నా జవాబు: "వందనాలు. ఇటువంటి విషయాలకు దయచేసి మీ పాస్టర్‌గారిని సంప్రదించండి. పరిష్కారమైంది."

ఆంటీ ఆ మెసేజ్‌ని మళ్లీ చదివారు. పెదాలు వణికాయి. ఏడుస్తారనుకుని నేను టిష్యూ డబ్బా కోసం వెతుకుతున్నాను.

"మరి సంప్రదించారా అయ్యగారూ?"

"ఎక్కడమ్మా! నేను ఎప్పుడు పిలిచినా ఆ పాస్టర్ కూడా నాలాగే దిక్కులు చూస్తున్నాడు."

ఆంటీ ఫక్కుమన్నారు. మూడు నెలల్లో మొదటిసారి నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు, ఏడుస్తూనే మా ఇద్దరికీ టీ పెట్టారు. ఆ తర్వాతి ఆదివారం వచ్చి, అందరి ముందూ లేచి నిలబడి అదే ప్రశ్న అడిగారు. జవాబు ఎవరికీ తెలియలేదు. కానీ ఆవిడ తర్వాత ఇంకో ముగ్గురు లేచారు.

ఆ సిస్టమ్‌ని అదే రోజు పీకేశాను. ఒట్టు పెట్టుకోకూడదని మా అయ్యగారంటారు కాబట్టి ఒట్టనను, అతి గంభీరంగా మాటిస్తున్నాను. నేను బతికున్నంత కాలం, మనిషి దేవుడితో మొదలుపెట్టిన సంభాషణలో మధ్యన దూరి దాన్ని ముగించను. ఎవరైనా ప్రశ్న అడిగితే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. జవాబు తెలియకపోతే తెలియదంటాను. ఖర్మకాలి జవాబు తెలిసినా, ముందు టీ అయ్యేదాకా నోరు మూసుకుంటాను.