స్వాతి చుక్క కనబడని మనిషి

2023 ఎండాకాలం. మహారాష్ట్రలోని భివండిలో ధామన్‌కర్ నాకా అనే కూడలి దగ్గర మా కళ్ళద్దాల దుకాణం పెట్టి అప్పటికి పద్నాలుగేళ్ళు. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. అంటే చూపు కొలిచి అద్దాల నంబరు ఇచ్చేదాన్ని, ఆపరేషన్లు చేసే డాక్టర్ని కాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది సాంచెల పనికి, అదే మరమగ్గాల పనికి, తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనవాళ్ళు.

దూరపు చూపు కొలిచాక చేతిలో ఒక కార్డు పెట్టి చదివిస్తాం. దాన్ని నియర్ చార్ట్ అంటారు. పైనుంచి కిందికి అక్షరాలు చిన్నవవుతూ పోతాయి. నాకు దొరికే కార్డులు ఇంగ్లీషు, హిందీ, మరాఠీల్లో ఉండేవి. తెలుగు బడిలో నాలుగైదు తరగతులు చదివిన కార్మికులు ఆ లిపి రాదని చెప్పడానికి సిగ్గుపడి, కనబడడం లేదనేవారు. దాంతో నంబరు తప్పిపోయేది. అందుకే నేనే ఒక తెలుగు కార్డు అచ్చు వేయించాను. అందులో ఏం రాయాలా అని ఆలోచిస్తే, ఎక్కడో చదివిన ఒక సరదా లెక్క గుర్తొచ్చింది. వెలుగు ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం. మన వయసెంతో అన్ని కాంతి సంవత్సరాల దూరంలో ఏదో ఒక నక్షత్రం ఉంటే, ఈ రాత్రి మనం చూసే దాని వెలుగు మనం పుట్టిన ఏడు బయల్దేరిందన్నమాట. కార్డు మీద పెద్ద అక్షరాల్లో "పదిహేడేళ్ళకు శ్రవణం", దాని కింద "ఇరవై అయిదుకు అభిజిత్", ఇంకా కింద "ముప్ఫై ఏడుకు స్వాతి", అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో "అరవై అయిదుకు రోహిణి". జనం తమ వయసు వరస కోసం వెతుక్కుని మరీ చదివేవారు.

ఆ మే నెలలో గంగాధర్ వచ్చాడు. భివండి రోడ్ స్టేషన్‌కూ నాకాకూ మధ్య ఆటో నడిపేవాడు. నాలుగేళ్ళలో అది మూడోసారి రావడం.

"అద్దాలు మంచిగ లెవ్వక్కా. పక్కకెల్లి బండ్లు ఒక్కసారే ఊడివడుతున్నయ్," అన్నాడు.

మునుపు రెండుసార్లూ ఇదే మాట అన్నాడు. రెండుసార్లూ నేను నంబరు కొద్దిగా మార్చి పంపాను. ఈసారి కూడా చార్టు ఆఖరి వరస దాకా గడగడా చదివాడు. సిక్స్ బై సిక్స్. అంటే ఆరు మీటర్ల దూరంలో మామూలు కన్ను ఎంత చూస్తుందో అంత. ఈ ఊళ్ళో బండ్లే అట్లా నడుపుతారులే అనుకుని నియర్ చార్ట్ చేతికిచ్చాను.

"ముప్ఫై ఏడుకు స్వాతి," అని చదివి ఆగాడు. "నాకు గన్నే ఏండ్లు. ఏందిది?"

చెప్పాను. కార్డును కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. "నేను పుట్టిన్నాడు బయల్దేరిందా? ఎక్కడ చూడాలె?"

"రాత్రి తొమ్మిదింటికి మిద్దెక్కి నెత్తిమీదికి చూడు తమ్మీ. నారింజ రంగుల ఉంటది. దుమ్మున్నా కనవడ్తది, గంత వెలుగు దానిది."

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"మజాక్ చేసినవా అక్కా? మూడు రాత్రులు చూసిన. ఏం లేదక్కడ."

"మబ్బు వట్టిందా?"

"లేదు. చందమామ మంచిగనే ఉండె."

"స్వాతి సరే, కడమ చుక్కలన్న కనవడ్డయా?"

గంగాధర్ నా వైపు అనుమానంగా చూశాడు. "చుక్కలు నిజంగ కనవడ్తయా అక్కా? బడి పుస్తకంల బొమ్మలు చూసిన. నా బిడ్డ లెక్కవెడుతది. జమున గూడ అవునంటది. అందరు గల్సి నన్ను ఉడికిస్తున్నరనుకున్న."

జమున అతని భార్య. ముప్ఫై ఏడేళ్ళ మనిషి, రెండు కళ్ళతో నా ఎదురుగా కూర్చుని, ఆకాశంలో చుక్కలుంటాయా అని అడుగుతున్నాడు.

స్టూలు లాక్కుని అతని మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేట్టు కూర్చున్నాను. దీన్ని కన్‌ఫ్రంటేషన్ టెస్ట్ అంటారు. ఒక కన్ను మూయించి, నా ముక్కునే చూడమని, చెవి పక్కనుంచి నా వేళ్ళు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెస్తాను. మామూలు మనిషి వేళ్ళు చెవి దాటగానే కనబడ్డాయంటాడు. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, రెండు నిమిషాలు పట్టదు. కాలేజీలో మొదటి ఏడే నేర్పుతారు. గంగాధర్‌కు నేనది ఒక్కసారీ చేయలేదు.

వేళ్ళు చెవి దాటాయి. చెంప దాటాయి. అతను ప్రశాంతంగా నా ముక్కునే చూస్తున్నాడు. నేను అరచెయ్యంతా ఊపడం మొదలుపెట్టాను.

"షురూ చెయ్ అక్కా," అన్నాడు.

చెయ్యి దాదాపు నా ముఖానికి అడ్డం వచ్చాక గానీ "ఆఁ, కనవడ్డది" అనలేదు. రెండో కన్నూ అంతే. ఎదురుగా ఒక చిన్న కిటికీ అంత మేరే అతని చూపు. ఆ కిటికీలోంచే నా చార్టు ఆఖరి వరస దాకా చదివాడు.

"జల్ది చెప్పక్కా. బయట సవారీలు కూసున్నరు, ట్రైన్ పోతదంటున్నరు."

తలుపు తీసి చూశాను. ఆటోలో ఒకామె, ఒళ్ళో చంటిపిల్ల. ఆ రైలు తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు. పరుగున వెళ్ళి వాళ్ళను స్టాండులోని ఇంకో ఆటో ఎక్కించాను. వెనక్కి వస్తూ అతని బండి చూశాను. ముందు భాగం కొత్తదానిలా ఉంది. రెండు పక్కలా ఎక్కడ చూసినా సొట్టలే.

"గంగాధర్, ఇయ్యాల్టి నుంచి బండి నడపొద్దు," అన్నాను.

మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఎట్ల నడపొద్దు? లైసెన్స్ రెన్యువల్ అప్పుడు నువ్వే గదా రాసిచ్చినవ్, సిక్స్ బై సిక్స్ అని!"

నిజమే. ఆ చీటీ నా చేతి రాతే. అది నేను చేసిన తప్పని ఒప్పుకున్నాను. అతను తాళంచెవి నా బల్ల మీద పెట్టి, ఇంటికి నడిచి పోయాడు.

మరుసటి వారం దుకాణం మూసి, భార్యాభర్తలిద్దరినీ, వాళ్ళ పదకొండేళ్ళ కూతురినీ ముంబైలో ఒక పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ విజువల్ ఫీల్డ్ పరీక్ష చేశారు. ఎదురుగా చూస్తూ చుట్టూ ఎంత మేర కనబడుతుందో యంత్రం గీసి చూపుతుంది. కాగితమంతా నలుపు, నడుమ చిన్న తెలుపు. రెటినైటిస్ పిగ్మెంటోజా అన్నారు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే లోపం. కంటి వెనక తెరలో ముందు చీకట్లో చూసే కణాలు, తర్వాత అంచుల్లో చూసేవి మెల్లగా చచ్చిపోతాయి. మీ తల్లిదండ్రులది మేనరికమా అని డాక్టర్ అడిగింది. అవునన్నాడు. పోయిన చూపు తెచ్చే మందు తమ దగ్గర లేదని, ఉన్నది ఇంకా తగ్గవచ్చని ఆమె దాచకుండా చెప్పింది. జమున కూడా అతని మేనమామ బిడ్డే. అందుకే పిల్లకూ పరీక్షలు చేశారు. ఆ పిల్ల లోపలున్నంతసేపూ గంగాధర్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల కళ్ళు బాగున్నాయన్నాక అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. తన సంగతి విన్నప్పుడు ఏడవలేదు.

తిరుగు ప్రయాణంలో జమున నా చెయ్యి పట్టుకుంది. "పెండ్లయిన కాన్నుంచి పక్కన నిలవడి చాయ్ ఇస్తే చూడకపోతుండె అక్కా. నేనంటే లెక్కలేదనుకున్న. పొద్దుగూకినంక తట్టుకుంట వస్తే తాగివచ్చిండని తిట్టిన. ఎన్ని తిట్టిననో."

ఎదుటి సీటులోని గంగాధర్ విన్నాడు. "ఇగనుంచి ముంగట నిలవడు," అన్నాడు.

ఆటో ఇప్పుడు అతని బావమరిది నడుపుతున్నాడు. గంగాధర్ ఊళ్ళోనే నార్పోలిలో ఒక కార్ఖానాలో పగటి షిఫ్టులో బల్ల దగ్గర నిలబడి బట్ట మడతపెట్టే పని చేస్తున్నాడు. పొద్దు వాలితే కూతురు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. మొదట్లో సిగ్గుపడేవాడట. నాతో ఏడాది దాకా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తల్లిని అద్దాలకు తీసుకొచ్చి, "ముసల్దానికి చేతులాడిచ్చి గూడ చూడు అక్కా," అన్నాడు.

ఆ మే నెలలోనే రిజిస్టర్ తిరగేసి, నేను చీటీలు రాసిచ్చిన డ్రైవర్లకు ఫోన్లు చేశాను. చాలామంది వచ్చారు. ఒక్కొక్కరికీ చెయ్యి ఆడిస్తూ, వాళ్ళు "కనవడ్డది" అన్న చోటు రాసుకున్నాను. కొందరు రాలేదు. వాళ్ళ సంగతి నాకిప్పటికీ తెలియదు.

బండ్లు పక్కనుంచి ఊడిపడుతున్నాయని గంగాధర్ మూడుసార్లు చెప్పాడు. తన జబ్బును తన మాటల్లో అంతకన్నా వివరంగా ఏ మనిషీ చెప్పలేడు. నేనది సణుగుడు అనుకుని అద్దం మార్చాను. నాకు తెలిసిన పరీక్షకు అతను సరైన జవాబు చెప్పాడు కాబట్టి అతని కళ్ళు బాగున్నాయనుకున్నాను. ఇప్పుడు ఎవరు వచ్చినా చార్టు ముందు కూర్చోబెట్టక ముందే అడుగుతాను, "కరెంటు పోతే ఇంట్ల ఎట్ల నడుస్తరు?" అని. చాలామంది నవ్వుతారు. నవ్వు ఆగేదాకా ఆగి, జవాబు వింటాను.