అంజియోగ్రఫీ టేబుల్ మీద నా ఇజ్జత్

మొన్న పుణెల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, నవ్వొద్దు మల్ల!

కార్ఖానల బట్ట నేసే సాంచా నడిపిస్తుంటే ఛాతీ పట్టేస్తుండె గద. ఇక్కడి డాక్టర్ చూసి, "పుణెకు పోయి అంజియోగ్రఫీ చేయించుకో. గుండె నరాలు ఏడ సన్నబడ్డయో ఫొటోల కనబడ్తది. అది చూసినంకనే ఇలాజ్" అన్నడు. "ఛాతీ కోస్తరు పో!" అని మా బామ్మర్ది ముందుగాలనే ఫైసలా చేసిండు. ఇగ నా పెండ్లాం లక్ష్మి బీడీలు చుట్టుకుంట ఒక్కటే ఏడుపు.

పోయినం. టేబుల్ మీద పండబెట్టి, తొడ కాడికెల్లి సన్నటి ట్యూబ్ గుండె దాకా పంపిండ్రు. మెలకువనే ఉన్న. పక్కన టీవీల నా గుండె! "ఆతా గరమ్ వాటేల్" అని డాక్టర్ మరాఠీల చెప్పిండట. నా ధ్యాసంత టీవీ మీద, చెవికెక్కలే.

అంతే! మెడ కాడికెల్లి తొడల దాకా వెచ్చగ... అరె దేవుడా, టేబుల్ తడిపేసిన! ఇద్దరు మనుమలున్న మొగోన్ని!

"డాక్టర్ సాబ్, మాఫ్ కరా! మెషీన్ బంద్ జేయుండ్రి, కరెంట్ కొడ్తది!" అని మొత్తుకున్న.

"ఛాతీల నొప్పా?" డాక్టర్ గాబరైండు.

"ఛాతీల కాదు సాబ్... కింద..."

సిస్టర్ దుప్పటి లేపి చూసింది. చుక్క తడి లేదు!

"కాకా, అది ట్యూబ్లకెల్లి ఎక్కిచ్చిన మందు వేడి. వెచ్చగ అనిపిస్తదని డాక్టర్ ముందుగాలనే చెప్పిండు గద! అందర్కి గట్లనే అనిపిస్తది" అని మరాఠీల చెప్పుకుంట నవ్వింది.

"నువ్వు కదిలినవ్, ఫొటో ఖరాబైంది" అన్నడు డాక్టర్. మల్ల మందు, మల్ల వేడి. ఈసారి తెలిసి సుత మెల్లగ చెయ్యి పెట్టి చూడబోయిన. "కాకా, హాత్!" అని సిస్టర్ గదమాయించింది.

ఆఖరికి డాక్టర్ టీవీ మీద వేలు పెట్టి చూపిచ్చిండు. "రెండు నరాలు మంచిగున్నయి. ఒక్కటే, గీ జాగల సన్నబడ్డది. ఛాతీ కోసుడు అక్కర్లేదు. లోపటికి చిన్న బెలూన్ పంపి ఊదితే తెర్సుకుంటది."

బయటికి తెచ్చినంక చెప్తే, లక్ష్మి నా చెయ్యి పట్టుకొని ఇడ్వలే. వచ్చే నెలనే బెలూన్!

కథ ఒడ్వలే. వార్డుల సిస్టర్ నాకు పాట్ ఇచ్చి, "మందంత మూత్రంల పోవాలె. కాలు కదపొద్దు, పండుకొనే పోయాలె" అన్నది. రాదు! ఎంత ముక్కినా రాదు! లక్ష్మి పోయి నల్లా ఇప్పింది. పక్క మంచం ముసలాయన "వచ్చిందా?" అని గడియకోసారి అడుగుడు.

వచ్చింది. "సిస్టర్, వచ్చిందీ!" అని లక్ష్మి ఒర్రింది. వార్డంత చప్పట్లు! నా కొడుకు పుట్టిన్నాడు సుత గంత సంబురం చేయలే ఎవ్వరు!